రెప్పకు కాపలా ఎవరు?

ఎవరినైనా అపురూపంగా పెంచారని చెప్పాలంటే మనకు ఒకటే మాట: కంటికి రెప్పలా చూసుకున్నారు. ఆ మాటలో కన్ను యజమాని, రెప్ప నౌకరు. దుమ్మొస్తే తలుపేస్తుంది. వెలుతురెక్కువైతే పరదా దించుతుంది. నిమిషానికి పదీ పదిహేను సార్లు తడిగుడ్డ పెట్టినట్టు కంటిని తుడుస్తుంది. ఇంత చాకిరీ చేసే ఆ రెప్పకే జబ్బు చేస్తే ఎవరు చూసుకోవాలో మాత్రం సామెత చెప్పదు. వైద్యులు కూడా చాలాకాలం సరిగ్గా చెప్పలేకపోయారు. రోగం రెప్ప అంచుకొస్తే మందు కంట్లో పోశారు. ఇక్కడా అంతే, రోములోనూ అంతే.

జబ్బు పెద్దదేం కాదు. ప్రాణం తీయదు, అలాగని వదలదు. పొద్దున్న లేచేసరికి రెప్పలు అతుక్కుని ఉంటాయి. వెంట్రుకల మొదళ్ళలో చుండ్రులాగా పొలుసులు, పసుప్పచ్చటి పక్కు. అంచులు ఎర్రబడి ఉబ్బుతాయి. కంట్లో ఇసుక పోసినట్టు గరగర. నెలకోసారి కంటికురుపు. ముదిరితే రెప్పవెంట్రుకలు రాలిపోతాయి. డాక్టర్లు దీన్ని బ్లెఫరైటిస్ అంటారు. గ్రీకులో బ్లెఫరాన్ అంటే రెప్ప, అంతే. మన ఇళ్ళలో దీనికి విడిగా పేరు లేదు. కళ్ళు పుసులు కడుతున్నాయంటారు, లేకపోతే కళ్ళకలకలో కలిపేస్తారు. కళ్ళకలక అయితే వారం రెండు వారాలుండి పోయే చుట్టం. ఇది ఇంట్లో మనిషి.

పేరు లేని జబ్బుతో ఒక చిక్కుంది. దాన్ని జబ్బుగా కాక అశుభ్రంగా లెక్క కడతారు. మొహం సరిగ్గా కడుక్కోడు అని పెద్దవాళ్ళు తిడతారు. బళ్ళో పిల్లలు పుసికళ్ళోడు అని పేరు పెడతారు. పాపం, వాడు అందరికంటే ఎక్కువసార్లే మొహం కడుక్కుంటూ ఉంటాడు.

కడిగినా పోదన్న సంగతిని మనవాళ్ళలో కనిపెట్టినవాడు సుశ్రుతుడు. ఆయన పేరుమీద ఉన్న సంహితలో ఉత్తరతంత్రం మొదట్లోనే కంటిరోగాలన్నీ ఉన్నాయి. మొత్తం 76. వాటిలో 21 ఒక్క రెప్పలకే కేటాయించాడంటే నౌకరును ఎంత శ్రద్ధగా చూశాడో అర్థమవుతుంది. కంటికురుపుకి అక్కడ అంజననామిక అని ముచ్చటైన పేరుంది. ఇంకొకటి, అక్లిన్నవర్త్మం. వర్త్మమంటే రెప్ప. ఎన్నిసార్లు కడిగినా మళ్ళీ మళ్ళీ అతుక్కుపోతూ, చీము మాత్రం పట్టని రెప్పలకు ఆ పేరు. నేటి కంటిడాక్టరు బ్లెఫరైటిస్‌ను వర్ణించమంటే ఇంతకంటే క్లుప్తంగా చెప్పలేడు.

చికిత్సలు కూడా తరగతులుగా విడగొట్టారు. మూసిన కళ్ళమీద కషాయం ధారగా పోయడం పరిషేకం. కంట్లో చుక్కలు వేయడం ఆశ్చ్యోతనం. వెంట్రుకల్ని వదిలేసి రెప్ప పైన మాత్రమే లేపనం పూయడం బిడాలకం. అంటే కన్ను వేరు, రెప్ప వేరు, ఒకదానికి చేసేది ఇంకొకదానికి చెయ్యకూడదన్న వివేకం ఆ గ్రంథాల్లో ఉంది. గ్రంథాల్లోంచి వంటింటి దాకా వచ్చేసరికి ఆ వివేకం దారిలో ఎక్కడో జారిపోయింది.

వంటింటి వైద్యమంటే ముందు కాటుక. డబ్బాల్లో కొనుక్కునేది కాదు, ఇంట్లో పట్టేది. గుంటగలగరాకు దంచి రసం తీసి, అందులో శుభ్రమైన నూలుగుడ్డ ముంచి నీడన ఆరబెడతారు. ఆరాక మళ్ళీ ముంచుతారు. ఆ గుడ్డను వత్తిగా చేసి ప్రమిదలో ఆముదం పోసి వెలిగిస్తారు. ఇటూ అటూ రెండు ఇటుకలు పెట్టి, వాటిమీద ఇత్తడి పళ్ళెమో రాగి చెంబుమూతో బోర్లిస్తారు. తెల్లారేసరికి పళ్ళెం అడుగున నల్లటి మసి దట్టంగా పట్టి ఉంటుంది. దాన్ని గీకి, రెండుచుక్కల ఆముదంతోనో, వెన్నతోనో మెదిపి, కొందరు చిటికెడు పచ్చకర్పూరం కూడా చేర్చి భరిణెలో దాస్తారు. వెలిగేది ఆముదం, కలిపేదీ ఆముదం. కంటి అంచున చెట్టునూనె పూసుకోవడమన్నది ఈ దేశంలో మందుకంటే ముందు అలంకారం. లేదా రెండూ ఒకటే అనుకున్నారు కాబోలు.

మసి మాట పక్కన పెట్టి నూనె సంగతే చూస్తే అందులో తర్కం లేకపోలేదు. తలంటును గుర్తు చేసుకోండి. ముందు నూనె పట్టిస్తాం, తర్వాత కుంకుడురసంతో వదిలిస్తాం. జిడ్డును కరిగించేది జిడ్డే. నీళ్ళతో ఎంత కడిగినా రాని పక్కు నూనె తగిలితే మెత్తబడి ఊడివస్తుంది. ఇక కుంకుడురసం కంట్లో పడితే ఏమవుతుందో మన వయసు వాళ్ళకు చెప్పనక్కర్లేదు. నోట్లో ఉప్పుకల్లు వేసి చప్పరించమనేవాళ్ళు. ఉప్పుకీ కంటికీ సంబంధం ఏమిటో గాని, ఏడుపు మాత్రం ఆగేది. జిడ్డు వదిలించే ఏ సరుకైనా కంటికి మంటే అన్న ఆ ఇబ్బంది ఈ కథలో మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది.

కాటుకతో వచ్చిన చిక్కు వేరు. అది రెప్ప బయట ఆగదు. వెంట్రుకల వరుస దాటి, లోపలి తడి అంచుమీదకు దిద్దుతారు. రాత్రి తుడవరు. తెల్లారి దానిమీదే మళ్ళీ దిద్దుతారు. ఇక బజారులో దొరికే సుర్మా అయితే ఇంకో భయం. సుర్మా అంటే అంజనపురాయి పొడి అని పేరేగాని చాలాచోట్ల వాడింది సీసపు ఖనిజం. పసిపిల్లల ఒంట్లోకి సీసం చేరితే బుద్ధి ఎదుగుదల దెబ్బతింటుంది. ఇంటికాటుక ఈ విషయంలో నిర్దోషి.

ఈ కాటుక అన్నమాట మన ఊరు దాటి ఎంత దూరం వెళ్ళిందో చెబితే ఆశ్చర్యపోతారు. బైబిలు చివరి పుస్తకం ప్రకటన గ్రంథంలో, లవొదికయ ఊరి సంఘానికి రాసిన లేఖలో కళ్ళకు రాసుకునే మందు ప్రస్తావన ఉంది. మూలంలోని గ్రీకుమాట కొల్లూరియన్. మన తెలుగు అనువాదకులు దానికి పెట్టిన మాట కాటుక. ఆలోచిస్తే అంతకంటే మంచి మాట దొరకదు. మందూ అదే, అందమూ అదే. అసలు మనకు కలికం అని ఇంకో మాట కూడా ఉంది. కలికానికైనా దొరకలేదంటాం చూడండి, ఆ కలికం కంట్లో వేసే మందే. కొల్లూరియన్, కలికం వినడానికి దగ్గరగానే ఉన్నాయి గాని, వాటికి చుట్టరికం అంటగట్టే పని నేను పెట్టుకోను.

రోమనులు ఆ గ్రీకుమాటను కొల్లీరియం చేసుకున్నారు. మందుదినుసుల్ని జిగురుతో ముద్దచేసి, చిన్న కడ్డీలుగా ఒత్తి ఎండబెట్టేవారు. కావలసినప్పుడు నీళ్ళతోనో, గుడ్డు తెల్లసొనతోనో అరగదీసి కంటికి పూసేవారు. మన ఇళ్ళలో శొంఠికొమ్ము అరగదీసినట్టు. ముద్ద పచ్చిగా ఉండగానే దానిమీద రాతిముద్ర కొట్టేవారు. మందు చేసినవాడి పేరు, మందు పేరు, ఏ జబ్బుకో, అన్నీ ఆ ముద్రలో అద్దంలోలాగా తిరగేసి చెక్కి ఉంటాయి. ఇలాంటి ముద్రలు 300 పైచిలుకు దొరికాయి. విచిత్రమేమంటే ఇటలీలో కాదు, ఎక్కువగా నేటి ఫ్రాన్సు, జర్మనీ, బ్రిటన్ ప్రాంతాల్లో దొరికాయి. చలిదేశాల్లో తలుపులు మూసుకుని పొయ్యి పొగలో కూచునే జనానికి కంటిజబ్బులు ఎక్కువై ఉంటాయని ఒక ఊహ.

ఆ పుసికళ్ళ జబ్బుకు రోమనులు పెట్టుకున్న పేరు లిప్పిట్యూడో. ఒకే జబ్బు కాదది, కళ్ళు ఎర్రబడి నీరో పుసో కారే జబ్బులన్నీ ఆ సంచీలోవే. ఆ జబ్బుతో బాధపడి, దాచుకోకుండా చెప్పుకున్నవాడు మహాకవి హోరేస్. క్రీ.పూ. 37లో రోము నుంచి బ్రుందీసియం రేవుకు ఆయన చేసిన ప్రయాణం ఒక పద్యంలో ఉంది. దారిలో ఒక మజిలీలో పెద్దమనుషులు వచ్చి కలుస్తారు. రాజకీయాలు నడిపేవాళ్ళు, రాయబారాలు మోసేవాళ్ళు. మన కవిగారు ఆ సమయంలో చేస్తున్న పని, కళ్ళకు నల్లటి మందు పూసుకోవడం. ఇంకొక మజిలీలో ఆయన పోషకుడు మీసినాస్ బంతి ఆడుకోవడానికి వెళితే హోరేస్, వర్జిల్ ఇద్దరూ వెళ్ళి పడుకుంటారు. ఒకరికి కళ్ళు బాగాలేవు, ఇంకొకరికి కడుపు బాగాలేదు. లాటిన్ సాహిత్యంలోని ఇద్దరు ఉద్దండులు ఒక మధ్యాహ్నం ఇలా మూలుగుతూ పడుకున్నారని తెలిస్తే వాళ్ళమీద గౌరవం తగ్గదు, చనువు పెరుగుతుంది. ఆ నల్లమందుతో ఆయనకు నయమైందో లేదో పద్యంలో లేదు.

నయం కాకపోవడానికే అవకాశం ఎక్కువ. ఎందుకంటే జబ్బు ఎక్కడ పుడుతుందో అప్పటికి ఎవరికీ తెలియదు. అది తెలియడానికి ఇంకో 1,700 ఏళ్ళు పట్టింది.

1666లో జర్మనీలోని హెల్మ్‌స్టెట్ విశ్వవిద్యాలయంలో హైన్రిఖ్ మైబోం అనే ఆచార్యుడు రెప్పల లోపల నిలువుగా బారులు తీరిన గ్రంథుల్ని వర్ణిస్తూ ఒక చిన్న పుస్తకం అచ్చువేశాడు. ఇప్పటికీ అవి ఆయన పేరుతోనే మైబోమియన్ గ్రంథులు. పైరెప్పలో 25 నుంచి 40, కిందిరెప్పలో 20 నుంచి 30 దాకా ఉంటాయి. వాటి నోళ్ళు వెంట్రుకల వరుసకు కొంచెం వెనకగా, సరిగ్గా మనం కాటుక దిద్దే అంచుమీదే తెరుచుకుంటాయి. వాటిలోంచి వచ్చేది నూనె. రెప్ప ఆడినప్పుడల్లా ఆ నూనె కన్నీటిమీద పల్చటి తెట్టులా పరుచుకుని, నీరు ఆవిరైపోకుండా కాపాడుతుంది. అంటే రెప్పకు దాని నూనె దానికి ఉంది. ఆ నూనె చిక్కబడి, పేరుకున్న వెన్నలా గట్టిపడి నోళ్ళు పూడుకుపోతే కథ మొదలవుతుంది. కన్నీరు ఆరిపోతుంది, అంచు వాస్తుంది, పక్కు కడుతుంది, పక్కులో సూక్ష్మజీవులు కాపురం పెడతాయి.

ఇది తెలిశాక మన నాయనమ్మల వైద్యంలో ఒకటి చాలా సవ్యమైనదని తేలుతుంది. కంటికురుపు లేస్తే చీరచెంగు ఉండచుట్టి, నోటి ఆవిరి ఊది, వెచ్చగా రెప్పమీద అద్దేవారు. గట్టిపడ్డ నూనె కరగాలంటే వెచ్చదనమే కావాలి. ఇప్పటికీ డాక్టరు మొదట చెప్పేది వెచ్చటి కాపడమే, చెంగు బదులు శుభ్రమైన గుడ్డ.

గ్రంథుల సంగతి ఇలా ఉంటే, ఇంకో ముద్దాయి వెంట్రుకల మొదళ్ళలో దాక్కుని ఉన్నాడు. 1842లో గుస్టావ్ సైమన్ అనే జర్మన్ వైద్యుడు మొటిమల్ని పరీక్షిస్తూ ఒక సన్నటి పురుగును చూశాడు. అంతకు ఏడాది ముందే హెన్లే అనే శరీరశాస్త్రజ్ఞుడి కంటపడింది గాని, అదేమిటో వివరంగా చెప్పింది సైమనే. 1843లో ఇంగ్లండులో రిచర్డ్ ఓవెన్ దానికి డెమోడెక్స్ అని పేరు పెట్టాడు. కొవ్వుపురుగు అని చెప్పుకోవచ్చు. డైనోసారుకు ఆ పేరు పెట్టిందీ ఈ ఓవెనే. ఏడాది తేడాలో అంత పెద్దదానికీ ఇంత చిన్నదానికీ ఒకే పెద్దమనిషి బారసాల చేశాడన్నమాట.

దీని పొడుగు మిల్లీమీటరులో మూడో వంతు. మన రైతులు మిరప తోటలో నల్లి పట్టిందంటారే, ఆ నల్లి జాతిదే, మంచపునల్లి కాదు సుమా. ఎనిమిది కాళ్ళు, సాలెపురుగు చుట్టం. తలకిందులుగా వెంట్రుక కుదుళ్ళలో దూరి ఉంటుంది, రాత్రిపూట బయటికొచ్చి తిరుగుతుంది. వయసు పెరిగేకొద్దీ వీటి సంఖ్యా పెరుగుతుంది. ముసలితనంలో ఇవి లేని మొహం అరుదు. అసహ్యించుకోనక్కర్లేదు, చాలామందికి వీటివల్ల ఏ ఇబ్బందీ ఉండదు. ఎక్కువైనప్పుడే గొడవ. అప్పుడు వెంట్రుక మొదట్లో చిన్న గొట్టంలాగా, చొక్కా కాలరులాగా పక్కు చుట్టుకుంటుంది. 1899లోనే రేల్‌మన్ అనే వైద్యుడు ఈ నల్లికీ రెప్పల వాపుకీ ముడిపెట్టి రాశాడు. అయినా చాలాకాలం పెద్దగా పట్టించుకోలేదు. రెప్పలకు పాదరసపు పసుపు లేపనం పూసిన రోజులవి. తర్వాత 1967లో కోస్టన్ అనే అమెరికా డాక్టరు ఈ నల్లిమీద మళ్ళీ దృష్టి పెట్టి, రెప్పల్ని ఈథర్‌తో తుడిచే పద్ధతి చెప్పాడు. ఈథర్ వాసన తెలిసినవాళ్ళు ఆ రోగుల్ని తలుచుకుని జాలిపడతారు.

ఎక్కువమంది డాక్టర్లు రోగులకు చెప్పింది మాత్రం పసిపిల్లల షాంపూ. 1950లలో కంటికి మంటపుట్టని షాంపూలు అమెరికాలో బజారుకొచ్చాయి. వాటిని వెచ్చటి నీళ్ళలో కలిపి, దూదితో రోజూ రెప్పల అంచు తుడవమనేవారు. కుంకుడురసపు మంట లేకుండా కుంకుడురసం పని. దీంతో చాలామందికి సుఖం కలిగింది. పక్కు పోయేది. నల్లి మాత్రం కులాసాగానే ఉండేది. ఆ సంగతి 2005లో తేలింది. దాన్ని తేల్చిన నూనె ఆస్ట్రేలియా నుంచి వచ్చింది.

న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో, ఉత్తరపు కోస్తా బురదనేలల్లో ఒక చెట్టు పెరుగుతుంది. దాన్ని టీ ట్రీ అంటారు. మనం తాగే టీతో దానికి ఏ బంధుత్వమూ లేదు. 1770లో కెప్టెన్ కుక్‌తో వెళ్ళిన నావికులు అక్కడి ఏవో ఆకులు మరగకాచుకుని టీలా తాగారని, ఆ పేరు ఇలాంటి చెట్లన్నిటికీ అంటుకుందని చెబుతారు. దీని అసలు చుట్టాలు మనకు బాగా తెలిసినవాళ్ళే. జామ, నేరేడు, లవంగం, నీలగిరి అన్నీ ఆ కుటుంబానివే. జామాకు నలిపి వాసన చూసిన వాళ్ళకు దీని ఆకు వాసన మరీ కొత్తగా ఉండదు. ఆ ప్రాంతపు మూలవాసులు బుంజలంగ్ జనం ఈ ఆకును నలిపి పుండ్లకు కట్టేవారు. చదువుకున్న ప్రపంచానికి తెలిసింది మాత్రం 1920లలో. సిడ్నీలోని టెక్నలాజికల్ మ్యూజియంలో పనిచేసే ఆర్థర్ పెన్‌ఫోల్డ్ అనే రసాయనశాస్త్రజ్ఞుడు ఆకుల్ని ఆవిరిపట్టి దించిన నూనెను పరీక్షించి, సూక్ష్మజీవుల్ని చంపడంలో అది కార్బాలిక్ ఆమ్లం కంటే 11 రెట్లు శక్తిమంతమైనదని ప్రకటించాడు. అప్పట్లో ఆసుపత్రుల్లో ఆ కార్బాలికే కొలబద్ద.

ఇంకేముంది, దంతాలకూ అదే, గొంతుకూ అదే, గాయాలకూ అదే. రెండో ప్రపంచయుద్ధంలో ఆస్ట్రేలియా సిపాయిల మందుపెట్టెల్లో ఆ సీసా ఉండేది. యుద్ధం ముగిసేసరికి పెన్సిలిన్ వచ్చింది. ఆకునూనెను అందరూ మరిచిపోయారు. 1970లలో చెట్టుమందుల మీద మోజు మళ్ళీ పుట్టాక, అడవిలో కొడవళ్ళతో కోసే ఆకుకు బదులు తోటలు వేశారు, సబ్బుల్లో షాంపూల్లో కలిపారు. ఆముదానికీ ఈ నూనెకూ ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. ఆముదం గింజలోంచి పిండే జిడ్డునూనె. ఇది ఆకులోంచి ఆవిరితో దించే తైలం, ఆరబెడితే ఎగిరిపోతుంది. ఘాటు కూడా ఆ తరహాదే.

2005లో అమెరికాలోని మయామీ నగరంలో షెఫర్ సెంగ్ అనే కంటివైద్యుడూ ఆయన సహచరులూ ఒక పరీక్ష చేసి ప్రచురించారు. రోగుల రెప్పవెంట్రుకలతో పాటు వచ్చిన నల్లుల్ని రకరకాల ద్రవాల్లో వేసి ఎంతసేపు బతుకుతాయో గడియారం పెట్టి చూశారు. సగానికి సగం పలచన చేసిన పిల్లల షాంపూలో 150 నిమిషాలు దాటినా బతికే ఉన్నాయి. అయొడిన్ ద్రావణంలోనూ అంతే. 75 శాతం ఆల్కహాలులోనూ అంతే. టీ ట్రీ నూనెలో వేస్తే పావుగంటలోపే చచ్చాయి. ఇంకా సరదా ఏమిటంటే సీమజీలకర్ర నూనె, సోయికూర నూనె కూడా పావుగంటలో పని ముగించాయి. వంటింటి పోపుపెట్టెకు ఎంత కీర్తి! తర్వాత మనుషుల మీద చూశారు. రోజూ షాంపూతో తుడుచుకున్న ఏడుగురిలో ఒక్కరికీ నల్లి పూర్తిగా పోలేదు. ఆకునూనె కలిపిన ద్రవంతో తుడిచిన తొమ్మిదిమందిలో ఏడుగురికి నాలుగు వారాల్లో పోయింది.

అంతే, టీ ట్రీ నూనె కలిపిన నురగలూ, తడిరుమాళ్ళూ, జెల్లులూ మందులషాపుల్లోకి వరసకట్టాయి. 2013లో అదే బృందం ఆ నూనెలో నల్లిని చంపే ముఖ్యమైన దినుసు టెర్పినెన్-4-ఆల్ అని విడదీసి చెప్పింది. దాన్నొక్కదాన్నే పట్టించిన రుమాళ్ళు కూడా వచ్చాయి.

ఇక్కడ ఆగి లెక్క చూసుకోవాలి. తొమ్మిదిమందిలో ఏడుగురు అంటే బాగానే ఉంది గాని, తొమ్మిదిమందే కదా. 2020లో కాక్రేన్ సంస్థ అప్పటికి జరిగిన పరీక్షల్ని జల్లెడపట్టింది. పనికొచ్చేవి ఆరు. ఆరింటినీ కలిపి చూసినా తేలిందేమిటంటే, కొద్దికాలంలో నూనె మేలు చేస్తుందా అన్నది గట్టిగా చెప్పడానికి సాక్ష్యం చాలదని. పైగా అదే ఏడాది బోస్టన్‌లో పరీక్షనాళికలో చూస్తే, నల్లిని చంపే ఆ టెర్పినెన్ ఒక శాతం దగ్గరే రెప్పగ్రంథుల కణాలకూ హాని చేసింది. కలుపును చంపే మందు పైరునూ తాకినట్టు. పరీక్షనాళిక వేరు, మనిషి రెప్ప వేరు, నిజమే. అయినా నూనె సీసా కొని తెచ్చి, పలచన చెయ్యకుండా దూదిమీద పోసి కళ్ళు రుద్దుకునే ధైర్యవంతులున్నారు. చెట్టుమందు కదా, ఏం చేస్తుంది అంటారు. ఉమ్మెత్తా చెట్టే. టీ ట్రీ నూనె నేరుగా తగిలితే కంటినల్లగుడ్డు మీది పొర కాలుతుంది. మింగితే విషం. రెప్పలకోసమే పలచన చేసి తయారుచేసిన సరుకు వేరు, ముచ్చటపడి కొనే సీసా వేరు.

ఈ భేదం చిన్నది కాదని మన దక్షిణాది ఆసుపత్రులు చూసినవాళ్ళకు తెలుసు. 1999లో మధురై అరవింద్ కంటి ఆసుపత్రి వైద్యులు ఒక వ్యాసం రాశారు. నల్లగుడ్డు మీద పుండుతో వచ్చినవాళ్ళని ముందు ఇంట్లో ఏం వేశారని అడిగితే చనుబాలనీ, ఆముదమనీ, ఆకుపసరులనీ చెప్పినవాళ్ళు ఎందరో. పొలంలో వడ్లగింజ గీరుకుంటే ఒకరు, రెప్ప మండితే ఒకరు. ఆముదం తప్పు కాదు. అది కంట్లోకి వెళ్ళడం తప్పు, గింజపొట్టూ వేలిమురికీ దాంతోపాటు వెళ్ళడం తప్పు. పసిపిల్లకు నీళ్ళుపోస్తూ మాడుకు ఆముదం అద్దిన చేతితోనే కంట్లోనూ ఒక చుక్క వేసే అలవాటు మన పల్లెల్లో ఉంది. ఆ చేతుల్లో ప్రేమకు లోటులేదు. ఎవరైనా వద్దని చెబితే అంత పట్టుదలా లేదు. చెప్పేవాళ్ళే తక్కువ.

సరిగ్గా వాడితే ఆముదానికి ఈ కథలో మర్యాదస్థానమే ఉంది. ఏ చెట్టూ లేనిచోట మహావృక్షమని వెక్కిరించాం గాని, న్యూజీలాండులోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2021లో దాన్ని కుర్చీవేసి కూచోబెట్టారు. 26 మంది రెప్పరోగుల్ని తీసుకుని, వేడి తగలకుండా తీసిన ఆముదాన్ని రోజుకు రెండుసార్లు, నాలుగు వారాలు, ఒక కంటి రెప్పలకే రాయమన్నారు. రెండో కంటిని ఊరికే వదిలేశారు. ఒకే మనిషి, ఒకే తిండి, ఒకే నిద్ర. ఒక కన్ను వాది, ఒక కన్ను ప్రతివాది. నూనె రాసిన రెప్పలు మెరుగయ్యాయి, పక్కు తగ్గింది, ఎరుపు తగ్గింది. ఇదీ చిన్న పరీక్షే. కానీ నల్గొండ, మహబూబ్‌నగర్ చెలకల్లో ఆముదం పండించే రైతు వింటే మీసం తిప్పే సంగతి.

నల్లిని నేరుగా చంపే అసలు మందు మాత్రం చెట్టునుంచి రాలేదు. కుక్కల ఒంటిమీది గోమార్లకు వాడే లొటిలానర్ అనే మందును కంటిచుక్కలుగా చేసి, 2023 జులైలో అమెరికా ప్రభుత్వ ఔషధసంస్థ అనుమతి పొందారు. గోమారి, నల్లి ఒకే వంశం కాబట్టి పనిచేసింది. ఖరీదు మాట అడక్కండి.

కాబట్టి ఇప్పటికీ చాలామందికి మిగిలింది రోజువారీ చాకిరే. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డను మూసిన కళ్ళమీద అయిదు పది నిమిషాలు ఆనించాలి, చల్లారితే మళ్ళీ ముంచాలి. గుడ్డ చర్మానికి ఓర్చుకునేంత వేడిగానే ఉండాలి. తర్వాత వేలి కొసతో రెప్పను వెంట్రుకల వైపుకు మెల్లగా ఒత్తాలి, పైరెప్పను కిందికి, కిందిరెప్పను పైకి. ఆపైన డాక్టరు చెప్పిన ద్రవమో, నూనె కలిపిన రుమాలో తీసుకుని, కన్ను మూసే ఉంచి, వెంట్రుకల మొదళ్ళు అటూ ఇటూ తుడవాలి. ఒక కంటికి వాడింది రెండో కంటికి పనికిరాదు. ఈ రోజుల్లో కాటుక మానడం మంచిది, పెట్టుకునే తీరాలనుకుంటే రాత్రి పూర్తిగా తుడిచేయాలి. చూపు మసకబారినా, నొప్పి పెరిగినా, వెలుతురు చూడలేకపోయినా ఈ చిట్కాలన్నీ కట్టిపెట్టి కంటిడాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

నాలుగురోజులు చేసి హాయిగా ఉందని మానేస్తారు చాలామంది. నల్లి గుడ్డుపెట్టి, అది పెరిగి, చచ్చేదాకా రెండు మూడు వారాలు. ఒక తరాన్ని తుడిచేస్తే కుదుళ్ళలో ఇంకో తరం సిద్ధంగా ఉంటుంది. అందుకే కనీసం ఆరువారాలు మానకుండా చెయ్యమంటారు. దిండుగలీబులూ తువ్వాళ్ళూ కూడా అన్నాళ్ళూ వేడినీళ్ళలో ఉడకేసి ఉతకమంటారు, ఒకరి తువ్వాలు ఇంకొకరు ముట్టకుండా.